మూడుసార్లు మోగిన నంబరు

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. ఆ బుధవారం మధ్యాహ్నంలోపు నా ఫోన్ మూడుసార్లు మోగింది. మూడుసార్లూ ఒకే నంబరు. నేను ఎత్తలేదు. సాయంత్రం సిమ్ కార్డుల అంగడాయన "నీకేమన్నా ఫోన్ వచ్చినాదా పాపా?" అని అడిగితే రాలేదన్నాను. ఆ మాట అమ్మకు తెలియదు, నాయనకు తెలియదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ తేదీ కింద "ఎండ ఎక్కువగా ఉంది" అని మాత్రమే రాసి మూసేశాను.

మా ఇల్లు పుట్టపర్తికి ఏటి అవతల ఉంది. ఏరు అని పేరే గానీ, చిత్రావతిలో ఇసుక, కంపచెట్లు, వాటి మధ్య మేకలు తప్ప నేను చిన్నప్పటి నుంచి చూసింది తక్కువ. మాకున్న చేనిలో వేరుశనగ వరుసగా పోయి, బోరు కూడా అడుగంటాక నాయన సేద్యం వదిలేసి ఊళ్ళో ఒక లాడ్జిలో వాచ్‌మన్‌గా కుదిరాడు. తర్వాత మిద్దె మీద ఒక గది కట్టించాడు. ఆశ్రమం చుట్టుపక్కల రద్దీ పడని విదేశీయులు అప్పుడప్పుడూ వచ్చి ఆ గదిలో దిగేవాళ్ళు. ఒకరు వారం ఉంటారు, ఒకరు రెండు నెలలు ఉంటారు. నేను వాళ్ళతో పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. పొద్దున్నే బస్సెక్కి ధర్మవరం పోయి, సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరేదాన్ని.

ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడిలో నాకు పని. లోపలి గదిలో చీర పరిచి, అంచు, కొంగు, ఒళ్ళు విడివిడిగా నా ఫోన్‌తో ఫోటోలు తీసి యజమానికి పంపాలి. కొనేవాళ్ళతో మాట్లాడేది ఆయనే. అందుకే ఆ పని నాకు సరిపోయింది. రోజంతా చీరలతో ఉండవచ్చు, మనుషులకు జవాబు చెప్పే అవసరం ఉండదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మిగిలిన పావుగంటలో లైబ్రరీ పుస్తకం చదువుకునేదాన్ని. దానికి చీర అట్టపెట్టె కాగితంతో అట్ట వేసేదాన్ని, ఏం చదువుతున్నావని ఎవరూ అడగకుండా.

ఆ చలికాలం మా మిద్దె మీద దిగినామెది ఇటలీ. అరవై దాటి ఉంటాయి. తెల్ల జుట్టు మగవాళ్ళలాగా పొట్టిగా కత్తిరించుకుంది. ఎన్నో ఏళ్ళుగా చలికాలంలో పుట్టపర్తికి వచ్చి పోతూ ఉండడంతో, కూరగాయల వాళ్ళ దగ్గర, ఆటోల వాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగు ఆమెకు ఉంది. వచ్చిన రోజే మెట్ల మీద నుంచి అమ్మను పిలిచింది.

"ఏమప్పా, నీళ్ళు వేడిగా ఉండాదా?"

అమ్మకు నవ్వు ఆగలేదు. "అప్పా అంటే మొగోళ్ళను అంటారక్కా. నన్ను అమ్మా అనల్ల."

"సరేప్పా," అందామె.

అమ్మ ఆమెను అక్కా అంది కాబట్టి నేను పెద్దమ్మా అన్నాను. ఆ పిలుపు ఆమెకు నచ్చింది. దానికి అర్థం ఏమిటని అడిగి, తల్లికి అక్క అని నేను చెబితే, చాలాసేపు తల ఊపింది. "నాకు ఒక చెల్లి ఉండాది. రెండేండ్లు చిన్న," అంది.

అన్నేళ్ళుగా వస్తున్నా ఆమె ఇక్కడి సిమ్ ఎప్పుడూ కొనలేదట. ఎప్పుడూ దిగే లాడ్జిలో వైఫై ఉండేది. మా ఇంటికి ఇంటర్నెట్ తీగ రాలేదు. ఇటలీ సిమ్ మన దేశంలో దిగగానే మూగబోయింది. అందుకని సాయంత్రం నేను ఇల్లు చేరగానే నా ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టేదాన్ని. ఆమె మిద్దె మీద కూర్చుని చెల్లెలికి వీడియో కాల్ చేసేది. నేను మెట్ల మీద కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. కిందికి దిగితే ఆమెకు నెట్ తెగిపోతుంది, పైకి పోతే వాళ్ళ మాటలకు అడ్డం. ఏడో మెట్టు సరిగ్గా సరిపోయేది. ఆ భాష నాకు ఒక్క ముక్క రాకపోయినా రెండు గొంతుల్లో ఏది ఎవరిదో తెలిసేది. చెల్లెలిది సన్నటి, తొందర గొంతు. నవ్వితే దగ్గు వచ్చేది.

ఆ చెల్లెలికి గుండె జబ్బు. పెద్దమ్మ తిరిగి వెళ్ళాక ఆపరేషన్ అని ముందు అనుకున్నారు. ఆమె మా ఇంటికి వచ్చిన రెండో ఆదివారం, ఆసుపత్రివాళ్ళు దాన్ని ముందుకు జరిపారని కబురొచ్చింది. వచ్చే గురువారమే. వెంటనే టికెట్ మార్చుకుందామని చూస్తే శనివారం దాకా సీటు దొరకలేదు. నా హాట్‌స్పాట్ మీదే ఆ టికెట్ వెతికాము. శనివారం అని తెర మీద వచ్చినప్పుడు ఆమె కళ్ళజోడు తీసి పక్కన పెట్టేసింది.

సోమవారం సాయంత్రం అక్కాచెల్లెళ్ళు గొడవపడ్డారు. నేను ఏడో మెట్టు మీదే ఉన్నాను. పెద్దమ్మ గొంతు ఒక్కసారిగా లేచి, కాల్ టక్కున తెగిపోయింది. ఆమె కిందికొచ్చి నా పక్కన కూర్చుంది.

"'పోవద్దన్నా, పోయినావు, నాకంటే నీకు ఆ ఊరు ఎక్కువ' అంటాది. నాకు కోపం వచ్చినాది. పెట్టేసినా." మళ్ళీ అంది: "గురువారం లోపలికి తీసుకుపోయే ముందు కోపం లేదు అని చెప్పల్ల. నోటితో చెప్పల్ల."

గురువారం వాళ్ళ ఉదయం ఎనిమిదిన్నరకు లోపలికి తీసుకెళతారు. అంతకుముందు, ఎనిమిదింటికి, మాట్లాడుకోవచ్చు. అంటే మనకు మధ్యాహ్నం పన్నెండున్నర. ఆ సమయానికి నేను, నా ఫోన్, ధర్మవరంలో ఉంటాం. అందుకే ఆమెకు సొంతంగా సిమ్ కావలసి వచ్చింది. బుధవారానికల్లా కావాలి.

మంగళవారం యజమానిని అరపూట సెలవు అడిగాను. అది అడగడానికి ముందురాత్రంతా మనసులో మాటలు కూర్చుకున్నాను. ఇద్దరం ఊళ్ళోకి నడిచి, బజారులో సిమ్‌లు అమ్మే అంగడికి పోయాము. అంగడాయన నలభై ఏళ్ళవాడు, నవ్వుముఖం మనిషి. ఇటాలియన్‌లో నమస్కారం పెట్టాడు. ఆ బజారులో అందరికీ అంతమాత్రం వచ్చు.

"పాత ఫోన్ పెద్దమ్మా ఇది. కార్డే వెయ్యల్ల," అంటూ పాస్‌పోర్టు, వీసా, మా ఇంట్లో దిగినట్టు నాయన పోలీసులకిచ్చిన కాగితం అన్నీ ఫోటో తీసుకున్నాడు. ఆమెను గోడకు ఆనించి నిలబెట్టి ముఖం ఫోటో తీశాడు. "నవ్వొద్దు. నవ్వితే యాప్ తీసుకోదు."

"నవ్వు ఎవరికి వస్తాండాది ఇప్పుడు?" అందామె.

"ఈడ మీకు తెలిసినోళ్ళ నంబరు ఒకటి కావల్ల. కంపెనీవాళ్ళు ఫోన్ చేసి, ఈమె మీకు తెలుసునా, మీ ఇంట్లోనే ఉండాదా అని అడుగుతారు. అవునంటే చాలు, సిమ్ లేచి పనిచేస్తాది."

"నీది పెట్టన్నా," అన్నాను.

"నాది ఇప్పటికే చానామందికి పెట్టినా పాపా. ఇంక తీసుకోదు."

నాయన ఫోన్ లాడ్జి గేటు దగ్గర మూలన పడి ఉంటుంది, ఆయనకు చెవి కూడా మందం. అమ్మ ఫోన్ ఇంట్లో గూట్లో ఉంటుంది, అమ్మ చేన్లలో ఉంటుంది. పెద్దమ్మ నా భుజం మీద చెయ్యేసింది.

"ఈ పాప నంబరు పెట్టప్పా. ఇది నా బిడ్డ."

"బిడ్డ అని రాసేకి దీంట్లో గడి లేదు పెద్దమ్మా. తెలిసిన మనిషి అని రాస్తా."

అందరం నవ్వాము. ఆయన నా వైపు తిరిగి, "రేపు వస్తాది ఫోన్. ఎత్తి అవునని చెప్పు, అంతే," అన్నాడు. నేను తల ఊపాను.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో ఆడపిల్ల తెలియని నంబరు ఎత్తకూడదు. మా ఇంట్లోనే కాదు, నాతో చదివిన ఆడపిల్లల ఇళ్ళన్నిట్లోనూ దాదాపు ఇంతే. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒకడు రాంగ్ నంబర్ అని మొదలుపెట్టి రోజూ ఫోన్ చేసేవాడు. వాడెవడో నాకు ఈ రోజుకూ తెలియదు. ఒకరోజు నాయన ఎత్తాడు. అవతలివాడు ఏమన్నాడో నాయన చెప్పలేదు. ఫోన్ తీసుకెళ్ళి బండ మీద వేసి కొట్టాడు. నన్ను ఏమీ అనలేదు, కానీ నెలరోజులు కాలేజీకి పంపలేదు. కొత్త ఫోన్ కొనిచ్చిన రోజు మాత్రం చెప్పాడు: "తెలీని నంబర్ వస్తే ఎత్తొద్దు. మళ్ళామళ్ళా వస్తే బ్లాక్ చెయ్." అప్పటినుంచి అదే చేస్తున్నాను. ఆలోచించి చేసే పని కాదు అది. చీకట్లో మెట్టు దిగేటప్పుడు కాలు తనంతట తాను వెతుక్కున్నట్టు, వేలు తనంతట తాను ఎరుపు మీదికి పోతుంది.

బుధవారం పదకొండు గంటలప్పుడు ముహూర్తపు చీర ఒకటి పరిచి ఫోటో తీస్తున్నాను. ఫోన్ మోగింది. కంపెనీ అంటే కంపెనీ పేరు పడుతుందని నేను అనుకుంటూ ఉన్నాను, బ్యాంకు మెసేజీలకు పేరు వస్తుంది కదా, అట్లా. తెర మీద ఉన్నది ఊరికే పది అంకెలు. చూస్తూ ఉన్నాను. ఆగిపోయింది. ఐదు నిమిషాలకు మళ్ళీ మోగింది. ఇదే ఆ ఫోన్ కావచ్చు అని నాకు తోచలేదని చెప్పను. తోచింది. ఎత్తి, ఎవరండీ అని ఒక్క మాట అడిగితే తెలిసిపోయేది. అవతల మగగొంతు వస్తే? పేరు అడిగితే? పక్క గదిలో యజమాని వింటే? మూడోసారి మోగినప్పుడు చేతులకు చెమట పట్టి, చీర మీద పడుతుందేమోనని భయపడి, నంబరును బ్లాక్ చేసేశాను. చేశాక హాయిగా అనిపించింది. ఆ హాయి గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సాయంత్రం బస్సు దిగేసరికి పెద్దమ్మ అంగడి ముందే నిలబడి ఉంది. సిమ్ లేవలేదు. అంగడాయన తన ఫోన్‌లో చూసి, "తిరస్కరించినారు. ఎందుకో రాయలా," అని తల గోక్కున్నాడు. అప్పుడే నన్ను అడిగాడు, ఫోన్ వచ్చిందా అని.

"రాలేదన్నా."

ఆయన నమ్మాడు. నన్ను నమ్మకపోవడానికి కారణం ఎవరికీ లేదు, నేను అంత తక్కువ మాట్లాడే పిల్లను. పెద్దమ్మ మాత్రం ఆయన మీద విరుచుకుపడింది.

"నువ్వు ఫోటో తప్పు తీసినావు! కాగితం తప్పు పెట్టినావు! ఈ రోజు వస్తాదని చెప్పినావు. అబద్ధాలోడివి నువ్వు!"

పక్కన టీ అంగడి దగ్గర నిలబడ్డవాళ్ళు ఇటు తిరిగారు. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"ఇన్నేండ్ల నుంచి ఈ అంగడి పెట్టుకోని ఉండా పెద్దమ్మా. ఎవురూ నన్ను ఆ మాట అనలా."

నేను ఇద్దరి మధ్యా నిలబడి నా చెప్పుల వైపు చూస్తున్నాను. ఒక్క వాక్యం చాలు. అన్నా, ఫోన్ వచ్చింది, నేను ఎత్తలేదు. అది నా నాలుక మీదే ఉంది. ఇంతమంది చూస్తుండగా అనలేకపోయాను. ఆయన మాత్రం కోపంగానే ఇంకోసారి అన్నీ నింపి పంపాడు. "రేపు పొద్దున పదికంతా లేస్తాది. పాపా, ఫోన్ వస్తే మాత్రం ఎత్తు."

ఆ సాయంత్రం ఏడో మెట్టు మీద నుంచి విన్నాను, కాల్ మోగి మోగి ఆగిపోవడం. చెల్లెలిని ఏవో పరీక్షలకు తీసుకుపోయారు. తర్వాత ఒక మెసేజి వచ్చింది. రేపు ఎనిమిదింటికి నేనే చేస్తాను అని.

"ఇప్పుడే రాసి పెట్టు పెద్దమ్మా, కోపం లేదని," అన్నాను. నేను ఆమెతో అన్న పొడవైన మాటల్లో అదొకటి.

"రాస్తే నమ్మదు. అది నా చెల్లి. నా గొంతు వింటే నమ్ముతాది." తర్వాత అడిగింది: "రేపు సిమ్ వస్తాదా?"

"తప్పకుండా వస్తుంది," అన్నాను.

నిజంగానే అనుకున్నాను. రేపు ఫోన్ వస్తే ఎత్తుతాను, చేసిన తప్పు సరిపోతుంది అనుకున్నాను. గురువారం సెలవు పెట్టి ఇంట్లో ఉండిపోయినా సరిపోయేది. మంగళవారం అరపూట అడిగినదానికే యజమాని ముఖం చిట్లించాడు, మళ్ళీ అడగడానికి నోరు రాలేదు. ఇప్పుడు ఇవన్నీ ఒక్కొక్కటీ రాస్తుంటే, ఎంత చిన్న మాటలు అడగలేకపోయానో కనిపిస్తోంది.

గురువారం బస్సులో ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చున్నాను. కిటికీ బయట ఎండిన చేలు, కరెంటు స్తంభాలు. తొమ్మిదైంది. పదైంది. లోపలి గదిలో చీరల మధ్య ఫోన్ ఎదురుగా పెట్టుకుని పదకొండు దాకా చూశాను. అది మోగలేదు. మోగితే ఏం చెప్పాలో మనసులో వల్లె వేసుకున్నాను. అవునండీ, తెలుసండీ, మా ఇంట్లోనే ఉన్నారండీ.

పన్నెండు కావస్తుండగా గుర్తొచ్చింది. నిన్న ఆ నంబరును బ్లాక్ చేశాను కదా.

వెతికితే, బ్లాక్ చేసిన నంబర్ల జాబితాలో ఉన్నాయి. ఉదయం రెండు కాల్స్ వచ్చాయి. నా చేతిలోనే, నేను కళ్ళప్పగించి చూస్తుండగానే, చప్పుడు లేకుండా వచ్చి పోయాయి. బ్లాక్ తీసేసి ఆ నంబరుకు చేశాను. ఈ నంబరుకు ఇన్‌కమింగ్ సౌకర్యం లేదంది.

అమ్మ ఫోన్‌కు చేశాను. గూట్లో మోగి ఉంటుంది. అమ్మ కాయలు ఒలిచే కూలికి పోయింది. ఇక మంగళవారం ఆయన ఇచ్చిన కార్డు మీది నంబరు చూసి అంగడాయనకు చేశాను. చుట్టం కాని మగమనిషికి నేను నా అంతట నేను ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"అన్నా, నేను... ఏటి అవతల ఇల్లు... సిమ్ లేవలేదన్నా."

"ఎందుకు లేయలా? నీకు ఫోన్ రాలేదా ఈ పొద్దు కూడా?"

"మోగలేదన్నా," అన్నాను. ఈసారి అది సగం నిజం. "పన్నెండున్నరకు ఆమె చెల్లెలు చేస్తుంది. ఆపరేషన్. నీ ఫోన్ నుంచి కొంచెం నెట్ ఇస్తావా అన్నా, మా ఇంటికి పోయి?"



"నిన్న అందరి ముందర నన్ను అబద్ధాలోడన్న మనిషి కాడికి నన్ను పొమ్మంటాండావా?"

నా ఏడుపు వినబడిందేమో.

"సర్లేమ్మా. చెల్లెలంటాండావు కదా. పోతా."

యజమానికి ఏం చెప్పానో గుర్తులేదు. పన్నెండు పదికి కదులుతున్న బస్సెక్కాను. అరగంట దాటాక, నడిమధ్య దారిలో, అంగడాయన ఫోన్ చేశాడు.

"పోయినానమ్మా. బండి నిలబెట్టి పెద్దమ్మా పెద్దమ్మా అని పిలిచినా. మిద్దె మీద నుంచి చూసింది. చూసి లోపలికి పోయి తలుపేసుకుంది. నేను ఫోన్ పైకెత్తి చూపించినా, నెట్ ఇస్తానని. గొడవకు వచ్చినాననుకుందో ఏమో. ఇంట్లో ఎవురూ లేరు, ఒంటి ఆడమనిషి. ఇంక నేను ఎంతసేపని నిలబడల్ల చెప్పు?"

"పర్వాలేదన్నా," అన్నాను. ఆ మాట ఎందుకన్నానో తెలియదు. పర్వాలేనిది అందులో ఏమీ లేదు.

ఏటి ఇసుకలో పరిగెత్తి ఇల్లు చేరేసరికి రెండు కావస్తోంది. ఆమె మిద్దె మీద ఎండలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఫోన్ ఒళ్ళో ఉంది. సిమ్ ఇంకా లేస్తుందేమోనని చూస్తూ ఉంది. తప్పకుండా వస్తుందని నేనే చెప్పాను కదా. నేను చెప్పకపోయి ఉంటే ఉదయమే ఆటో పట్టుకుని వైఫై ఉన్న ఏ హోటల్‌కో పోయి కూర్చునేది.

హాట్‌స్పాట్ పెట్టాను. ఆమె ఫోన్ టింగు టింగుమంటూ ఒకదాని వెంట ఒకటి అందుకుంది. ఎత్తని వీడియో కాల్స్ నాలుగు. చివర ఒక గొంతు మెసేజి. నిమిషం కూడా లేదు. అదే సన్నటి, తొందర గొంతు. చివర్లో ఏదో ఒక చిన్న ప్రశ్న, తర్వాత దగ్గు.

ఆమె రెండోసారి కూడా విన్నాక తెలుగులో చెప్పింది, నా కోసం కాదు, చెప్పుకోవాలని చెప్పినట్టు.

"నర్సు వచ్చినాది అంటాది. ఇంటి తాళం పక్కింట్లో ఇచ్చినా అంటాది. పూలకుండీలకు నీళ్ళు పొయ్యి అంటాది." ఊపిరి తీసుకుంది. "'ఇంకా కోపమా?' అంటాది."

మేము తిరిగి చేసేసరికి ఆ ఫోన్ ఆపేసి ఉంది.

సాయంత్రం ఆరింటికి చెల్లెలి కొడుకు చేశాడు. నేను ఏడో మెట్టు మీద ఉన్నాను. ఆ భాష రాకపోయినా అర్థమైంది. కొడుకు ఏడుస్తున్నాడు, పెద్దమ్మ ఏమీ అనడం లేదు. తర్వాత ఆమె కూడా ఏదో ఒకే మాట మళ్ళీ మళ్ళీ అనడం మొదలుపెట్టింది. లేచి ఎక్కడికైనా పోవాలనిపించింది. పోతే నెట్ తెగిపోతుంది. వాళ్ళ దేశం నుంచి ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేస్తూనే ఉన్నారు, బంధువులు, స్నేహితులు. వాళ్ళందరి మాటలూ నా ఫోన్ గుండానే వచ్చి పోతున్నాయి. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, గోడకు తల ఆనించి అక్కడే కూర్చున్నాను. ఫోన్ వేడెక్కింది. ఛార్జింగు తీగ మెట్ల దాకా లాక్కొచ్చి పెట్టాను.

అమ్మ కూలి నుంచి వచ్చి సంగతి విని, కాళ్ళు కూడా కడుక్కోకుండా పైకి పోయింది. ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

"అక్కా, ఒక ముద్ద తిందువు రా."

"వద్దప్పా," అందామె.

అమ్మ ఈసారి నవ్వలేదు.

మరునాడు ఉదయం పది గంటలకు సిమ్ లేచింది. ఈసారి ఆ నంబరు మోగితే ఎత్తాను. ఆడగొంతు. చాలా మర్యాదగా మాట్లాడింది. అవునండీ, తెలుసండీ, మా ఇంట్లోనే ఉన్నారండీ అన్నాను. ఒక నిమిషం కూడా పట్టలేదు.

అంగడాయనకు ఆమె చెల్లెలు పోయిన సంగతి తెలిసి, అంగడి మూసి వచ్చాడు. గేటు దగ్గరే నిలబడి, "ఆమెకు చెప్పు పాపా, నేను చేయాల్సింది చేసినా. యాడ తప్పు జరిగిందో నాకు తెలీదు," అన్నాడు. ఇకమీద విదేశీయుల సిమ్‌ల జోలికి పోనని అన్నాడు. అన్నట్టే మానేశాడు. ఇప్పటికీ బజారులో కనిపిస్తే పలకరిస్తాడు. నేను తల దించుకుని పోతాను. సిగ్గు పిల్ల అనుకుంటాడు.

శనివారం ఉదయం బెంగళూరు విమానాశ్రయానికి టాక్సీ వచ్చింది. నేను కూడా పనికి పోవాలి కాబట్టి, బస్సు దగ్గర దించుతానని నన్నూ ఎక్కించుకుంది. అమ్మ ఆమెకు బొట్టు పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టాక్సీలో నేను కిటికీ పక్కన, ఆమె నా పక్కన. ఊళ్ళోకి పది నిమిషాల దారి. ముందురోజంతా వాక్యాలు కూర్చుకున్నాను. చిన్న వాక్యాలు, ఆమెకు అర్థమయ్యేవి. ఫోన్ వచ్చింది. నేను ఎత్తలేదు. భయం. అంగడాయన తప్పు కాదు. డైరీలో వెనక పేజీలో రాసి, కంఠతా పట్టి, కాగితం చింపేశాను.

ఏరు దాటాము. ఆశ్రమం గోడ వచ్చింది. నేను నోరు తెరవలేదు. ఆమె చేతిలో కొత్త సిమ్ వేసిన ఫోన్ నిండుగా సిగ్నల్ చూపిస్తోంది. ఎవరికీ చేయడం లేదు.

బస్టాండు ముందు టాక్సీ ఆగింది. ధర్మవరం బస్సు ఇంజను వేసి ఉంది. తలుపు సగం తీసి, వెనక్కి తిరిగి, "పెద్దమ్మా, ఒక మాట," అన్నాను.

ఆమె అంతవరకూ ఎటో చూస్తున్నదల్లా, కళ్ళజోడు సర్దుకుని నా వైపు పూర్తిగా తిరిగింది. డ్రైవరును చేత్తో ఆగమంది. నేను ఆమె ముఖం చూశాను. రెండు రాత్రులుగా నిద్ర లేని ముఖం. కండక్టరు ధర్మవరం ధర్మవరం అని అరుస్తున్నాడు. ఏమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, దిగి, బస్సెక్కేశాను. బస్సు కిటికీలోంచి చూస్తే టాక్సీ ఇంకా అక్కడే ఆగి ఉంది.

ఆమె తర్వాత చలికాలాల్లో రాలేదు. ఇటలీ నంబరు నా డైరీలో ఉంది. ఒక్కసారీ చేయలేదు. నేను సగం తీసిన టాక్సీ తలుపు పట్టుకుని ఉన్నప్పుడు, తన గొంతు చెల్లెలికి వినిపించలేకపోయిన ఆ మనిషి, నాతో అన్న ఆఖరి మాట ఇది:

"చెప్పు. నేను వింటాండాను."